పాలు పొంగించి తాళం వేసిన ఇల్లు

అయ్యయ్యో, అలా నిలబడిపోయారేంటండీ శివ్‌చరణ్ గారూ. ఖాళీ చెయ్యమని చెప్పడానికి రాలేదు బాబూ. ఇంటి ఓనరునన్న పాపానికి నేనెప్పుడొచ్చినా మీ మొహం అలాగే అయిపోతుంది. తొమ్మిదేళ్ళయింది మీరీ టకానిని ఊళ్ళో, ఈ ఇంట్లో దిగి. ఇన్నేళ్ళలో మిమ్మల్నొక మాటన్నానా? అద్దె పెంచినప్పుడు కూడా నసిగింది నేనే గానీ మీరు కాదు.

కూర్చోండి. చూశారా, మీ ఇంట్లో మిమ్మల్నే కూర్చోమంటున్నాను. అదీ ఈ వీరభద్రం బతుకు. పేరుకి ఇల్లు నాది, గుమ్మం బయట బెల్లు కొట్టి నిలబడేదీ నేనే.

ఇన్‌స్పెక్షన్‌కి రావాలంటే రెండ్రోజుల ముందు చెప్పాలి, నాకూ తెలుసు. ఇన్‌స్పెక్షన్‌కి రాలేదు కాబట్టే చెప్పలేదు. ఇవాళ ఓనరుగా రాలేదు. పొమ్మంటే పోతాను. మీరనరులెండి.

ఆ కర్టెన్ వెయ్యకండి. అలాగే ఉంచండి. నాకు రోడ్డు కనపడుతూ ఉండాలి.

మీ అబ్బాయి వినేశ్ డ్యూటీకెళ్ళాడా? మీ కోడలు షాలేష్ని కూడా వెళ్ళిందా? మంచిదే. ఈ మాటలు పిల్లల ముందు చెప్పేవి కావు. టీ పెడతారా? వద్దులెండి, స్టవ్ ఖాళీగా ఉంచండి. ఎందుకో చెప్తాను. మీరు హిందీలో అనండి, ఇంగ్లీషులో అనండి, నేను మాత్రం తెలుగులోనే చెప్తాను. మీ నాయనమ్మ పుణ్యాన మీకు అర్థమవుతుంది కదా.

ఫిజీలో పుట్టి, చెరుకు తోటల్లో పెరిగి, “బువ్వ తిన్నావా” అన్న ముక్క ఒక్కటీ జారిపోకుండా పట్టుకొచ్చారండీ మీరు. మొదటిసారి ఈ ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు మా ఆవిడ ప్రభావతిని అదే అడిగారు. గుర్తుందా? నమస్కారం లేదు, హలో లేదు, బువ్వ తిన్నావా అమ్మా అన్నారు. అంతే, ఆవిడ ఇంక వేరేవాళ్ళ పేరెత్తనివ్వలేదు. వినేశ్ ఉద్యోగం సంగతి అడుగుదామే అంటే, బువ్వ తిన్నావా అనడిగిన మనిషి ఇల్లు పాడు చెయ్యడండీ అని నన్నే కసిరింది.

పాడు చెయ్యలేదు కూడానూ. పెరట్లో ఆ ఫీజోవా చెట్టు చూశాను వస్తూ వస్తూ. నేల కనపడకుండా జామకాయల్లాంటి ఆ పచ్చటి కాయలు రాలాయి. నేనైతే ఇంత కాయించగలనా? నా చేత్తో కొత్తిమీర కూడా మొలవదు.

ఆ స్టవ్ సంగతంటారా? తెలుసండీ. వెనకవైపు ఎడమ పొయ్యి వెలగదు. మార్చమని మీ కోడలు షాలేష్ని రెండుసార్లు మెసేజ్ పెట్టింది. చూస్తానమ్మా చూస్తానమ్మా అంటూ వచ్చాను. పిసినారి ఓనరు అనుకునే ఉంటుంది పాపం. పిసినారితనం కాదు. ఆ స్టవ్ మీద నాకో పనుంది. కుడివైపు ముందు పొయ్యి బాగానే వెలుగుతోంది కదా? అది చాలు నాకు.

ఉండండి, మొదట్నుంచీ చెప్తాను. నేను మొదట్నుంచీ చెప్పకపోతే నాకే అర్థం కాదు.

ఈ ఇల్లు నాది అంటున్నాను గానీ, నాది కాదు. మా పెన్షన్ ఫండ్‌ది. పెన్షన్ ఫండ్ అంటే ఏదో అద్దాల బిల్డింగు అనుకునేరు. నలుగురం మనుషులం. నేను, ప్రభావతి, మా శ్రీపతి, వాడి భార్య సుభద్ర. శ్రీపతీ నేనూ ఒకే డిపోలో బస్సులు నడిపాం. తర్వాత వాడు జాన్సన్‌విల్ వెళ్ళిపోయాడనుకోండి. అప్పట్లో మాత్రం ఇద్దరం కలిసే టిఫిన్ తినేవాళ్ళం, కలిసే భయపడేవాళ్ళం. ముసలాళ్ళమయ్యాక ఏంట్రా మన గతి అని.

గవర్నమెంటు ఇచ్చేది బియ్యానికీ కరెంటుకీ సరిపోతుంది. పెద్ద కంపెనీల ఫండ్లలో వేద్దామా అంటే, మనకేమో చదువు పదో క్లాసు. వాళ్ళు పంపే కాగితంలో ఒక గీత పైకి పోతుంది, కిందికి పోతుంది. అది చూసి నవ్వాలో ఏడవాలో ఎవరు చెప్తారు? ఇటుక గోడ అయితే వెళ్ళి చేత్తో తట్టి చూసుకోవచ్చు.

బాలసుబ్రహ్మణ్యం అని మాకో అకౌంటెంటు ఉండేవాడు. ఆయనే దారి చెప్పాడు. మీ ఫండ్ మీరే నడుపుకోండి, నలుగురూ కలిసి ట్రస్టు పెట్టుకోండి, ఇల్లు ట్రస్టు పేర కొనండి, అద్దెకిచ్చి ఆ అద్దెతోనే అప్పు తీర్చండి, మీరు రిటైరయ్యేసరికి అప్పు తీరిపోతుంది, ఆపైన వచ్చే అద్దె మీ రెండు కుటుంబాలకీ పెన్షను అన్నాడు. బాగుంది కదండీ? నాకైతే పంచదార పాకంలా ఉంది ఆ మాట.

ప్రభావతి ఒక్కతే అడిగింది. మరి ఆ ఇంట్లో ఎవరుండాలి, అని.

బయటివాళ్ళమ్మా, అన్నాడాయన.

అయితే అలాగే రాయండి, అంది. మా నలుగురిలో ఎవ్వరూ, మా చుట్టాల్లో ఎవ్వరూ, ఒక్క రాత్రి కూడా ఆ ఇంట్లో ఉండకూడదు అని రాయండి అంది. వాళ్ళ పుట్టింట్లో అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు ఎలా చీలిపోయిందో చూసిన మనిషి లెండి. ఒకడు కాపురం పెడితే రెండోవాడు కాళ్ళు చాపుకునే చోటు ఉండదు, స్నేహం పోతుంది, ఇల్లూ పోతుంది అనేది. శ్రీపతి లేచి దణ్ణం పెట్టాడు ఆవిడకి. నీ బుర్ర ఉంటే నేను డిపో మేనేజర్నయ్యేవాణ్ణి చెల్లెమ్మా అన్నాడు.

ఆ రూలు ఆవిడదేనండీ. అది గుర్తుపెట్టుకోండి.

ఇల్లు కూడా ఆవిడే వెతికింది. ఇది మేం చూసినవాటిలో మంచిదేం కాదు. పక్క వీధిలో ఇంతకంటే వెలుతురున్న ఇల్లుంది. కానీ మేం లోపలికొచ్చిన టైంకి రైలు వెళ్ళింది, గేటు దగ్గర గంట మోగింది. సామర్లకోటలో వాళ్ళ పుట్టిల్లు స్టేషన్ పక్కనే. ఆవిడ అక్కడే ఆగిపోయి, ఇదేనండీ అంది. అద్దెకిచ్చే ఇంటికి రైలు దగ్గరైతే మంచిదే అనుకున్నాను నేను. ఆవిడ అద్దె కోసం అనలేదు. నాకది అప్పుడు తెలియలేదు.

సరే, ఇక్కడే మేం చేసిన తప్పుంది, వినండి.

గృహప్రవేశం చేశాం.

నవ్వకండి. ఇల్లు కొంటే గృహప్రవేశం చెయ్యకుండా ఎలా ఉంటాం? మా ఇద్దరికీ ఊహ తెలిశాక కొన్న మొదటి ఇల్లు. ఆడవాళ్ళిద్దరూ పట్టుచీరలు కట్టారు. పాపటోయ్‌టోయ్ నుంచి పంతులుగారొచ్చారు. ఆవు లేదు కాబట్టి వెండి ఆవుబొమ్మని శ్రీపతి చేతిలో పట్టుకుని గదులన్నీ తిప్పాడు. పాలు పొంగేసరికి ఆ ఆవిరీ, హారతి పొగా కలిసి సీలింగుకున్న పొగ అలారం మోగడం మొదలెట్టింది. శ్రీపతి కుర్చీ ఎక్కి కండువాతో విసురుతున్నాడు, పంతులుగారు ఆ గోల మీద గట్టిగా మంత్రాలు చదువుతున్నాడు. పక్కింటి కివీ పెద్దాయన, ఈ దేశపు తెల్లాయన, పరిగెత్తుకొచ్చి పులిహోర తినెళ్ళాడు. అంత నవ్వు నేను ఈ దేశంలో మళ్ళీ నవ్వలేదు.

పాలు తూర్పువైపు పొంగాయి. ఇదిగో, ఈ స్టవ్ మీదే. కుడివైపు ముందు పొయ్యి.

అంతా అయ్యాక పంతులుగారన్నాడు, ఇవాళ రాత్రి దంపతులెవరైనా ఇక్కడ దీపం పెట్టుకుని పడుకోండమ్మా, పాలు పొంగించిన ఇల్లు ఒంటరిగా ఉండకూడదు అని. భోజనానికి వచ్చిన బాలసుబ్రహ్మణ్యం విస్తరి ముందునుంచి తలెత్తాడు. ఒక్క రాత్రి కూడా అని మీరే రాయించారు కదమ్మా అన్నాడు. ఆయన సరదాకే అన్నాడేమో. పంతులుగారు ఆయన్ని చూశాడు, ఆయన పంతులుగారిని చూశాడు, ఇద్దరూ కలిసి మా ఆవిడని చూశారు.

ఆవిడ తన మాట తను తప్పే మనిషి కాదు. ప్రమిద తీసుకెళ్ళి సింకులో పెట్టింది, ఏదీ అంటుకోకుండా ఉంటుందని. తాళం వేసింది. కారులో మలుపు తిరిగేదాకా వెనక్కే చూసింది. మలుపు తిరిగాక అడిగింది, స్టవ్ కట్టేశానాండీ, అని.

షేర్లు కొన్నవాడెవడైనా పాలు పొంగిస్తాడా చెప్పండి? మేం పొంగించాం. పెట్టుబడిని తీసుకెళ్ళి ఇల్లు చేసి కూర్చున్నాం.

ఆ తర్వాత నేనూ ఆవిడా ఎక్కడున్నాం? ఫ్లాట్ బుష్‌లో ఒక డాక్టరుగారి పెరట్లో వెనకిల్లు ఉంది, రెండు గదులు, దాన్లో అద్దెకి. ఇప్పటికీ అక్కడే. మా ఇంటిని మీకు అద్దెకిచ్చి, మేం ఇంకొకళ్ళింట్లో అద్దెకి. శ్రీపతి ఫోన్ చేసినప్పుడల్లా ఏరా భూస్వామీ, వెనకింట్లో ఎలా ఉన్నావు అని ఏడిపించేవాడు.

మాకు పిల్లల్లేరు, మీకు తెలుసు. ప్రభావతి ఈ ఇంటిని మన కొడుకండీ అనేది. ముసలితనంలో నెలనెలా పంపించే కొడుకు, కోడలి పేచీ కూడా లేదు అని నవ్వేది. కొడుకింట్లో ఒక రాత్రి ఉండటానికి లేదని మాత్రం మనమే రాసుకున్నాం కదండీ అని కూడా అనేది. అదీ నవ్వుతూనే.

మూణ్ణెల్లకోసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళం చూడండి, మేమిద్దరం. నేను కుళాయిలు తిప్పి చూసేవాణ్ణి, గోడలకి చెమ్మేమైనా ఉందా అని తట్టేవాణ్ణి. ఆవిడ గదిలో నిలబడి ఊరికే చూసేది. ఈ కిటికీ కింద మంచం వేస్తే పొద్దున్న ఎండ కాళ్ళమీద పడుతుంది అనేది. ఆ అలమార పక్కన దేవుడు అనేది. మీ షాలేష్ని ఏమనుకునేదో గానీ, నేను ఇన్‌స్పెక్షన్ చేసే పావుగంటలో ఆవిడ ఇక్కడ కాపురం చేసేదండీ.

రిటైరయ్యాక శ్రీపతి వాటా కొనేసుకుందాం, అప్పుడు ఫండూ ఉండదు రూలూ ఉండదు అనుకునేవాళ్ళం. మేమైతే రిటైరయ్యాం. ఇళ్ళ ధరలు రిటైరవలేదు.

ఆవిడ ఏం పని చేసేదో మీకు చెప్పానా? పాపకురాలో వృద్ధాశ్రమంలో చేసేది. మతిమరుపు వచ్చిన వాళ్ళ వార్డు. సాయంత్రమయ్యేసరికి వాళ్ళందరూ కోట్లు తొడుక్కుని తలుపు దగ్గరికి చేరేవాళ్ళట, ఇంటికెళ్తాం అని. కొత్తగా వచ్చిన పిల్లలు, ఇదే మీ ఇల్లు కదా అని నచ్చజెప్పబోతే ఇంకా ఏడ్చేవాళ్ళట. ప్రభావతి ఆ మాట అనేది కాదు. మీ ఇంట్లో ఏం చెట్టుంది అని అడిగేది. చెట్టు గురించి చెప్తూ చెప్తూ వాళ్ళు అన్నం తినేసేవాళ్ళు.

ఇప్పుడు నేను ఆవిడని అడుగుతున్నాను. మీ ఇంట్లో ఏం చెట్టుంది ప్రభా, అని.

ఫీజోవా అంటుంది.

అర్థమైందా అండీ. మీరు తల దించేసుకున్నారు, అర్థమైందన్నమాట.

మొన్నటిదాకా నడుం నొప్పి, అందుకే రావట్లేదు అని చెప్తూ వచ్చాను మీకు. నడుం బాగానే ఉంది. మొదట పులిహోరలో రెండుసార్లు ఉప్పేసింది. అది ఎవరైనా వేస్తారు. తర్వాత ఒకరోజు గుడికెళ్ళొచ్చి, ఫ్లాట్ బుష్‌లో మా వెనకింటి తలుపు ముందు చెప్పులు విప్పి, నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది, ఎవరింటికొచ్చామండీ అని. ఎవరైనా వింటే బాగోదని గొంతు తగ్గించింది. ఆ మర్యాద పోలేదు చూడండి.

మొదట పోయింది ఆ వెనకిల్లేనండీ. అంతకాలం వండి, తిని, పడుకున్న ఇల్లు. గోడ మీద గీసినదాన్ని తుడిచేసినట్టు పోయింది. తర్వాత సామర్లకోట పోయింది. పేరెత్తితే ఎవరిదో ఊరులా వింటుంది. ఒక్క రాత్రి కూడా పడుకోని ఈ ఇల్లు మాత్రం పోలేదు. గది గదీ చెప్తుంది. ఏ కిటికీ కింద ఏ మంచమో చెప్తుంది. లేని మంచాల మీద దుప్పట్లు మార్చమని ఆశాజ్యోతికి పని చెప్తుంది.

ఆశాజ్యోతి అంటే మా ఇంటికొచ్చే అమ్మాయి. పొద్దున్న వచ్చి సాయంత్రం దాకా ఉంటుంది. స్నానం చేయించడం, తినిపించడం, జడ వెయ్యడం అన్నీ ఆ పిల్లే. గవర్నమెంటు పంపే మనిషి వారంలో ఏవో కొన్ని గంటలు వచ్చి వెళ్ళిపోతుంది. ప్రభావతికేమో తెలుగులో మాట్లాడేవాళ్ళు కావాలి, ఇంగ్లీషు జారిపోతోంది కదా. అందుకని ఈ అమ్మాయిని పెట్టుకున్నాం. ఆ పిల్ల జీతం ఎక్కడిదనుకున్నారు? మీరు కట్టే అద్దెలో మా వాటా అండీ. మీ దగ్గర్నుంచి మా చేతికి వస్తుంది, మా చేతిలోంచి ఆ పిల్లకి పోతుంది. ఫండ్ ఏం పని కోసం పెట్టామో అదే పని చేస్తోంది. బాలసుబ్రహ్మణ్యం చెప్పింది పొల్లు పోలేదు. కొడుకు నెలనెలా పంపిస్తూనే ఉన్నాడు.

తల్లి కొడుకింటికి పోతానంటోంది. అదొక్కటే కుదరదు.

రోజూ పొద్దున్నే హ్యాండ్‌బ్యాగు తగిలించుకుంటుంది. గృహప్రవేశం రోజు పాలు కాచిన గిన్నె ఉంది, దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటుంది. తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, వెళ్దాం రండి, స్టవ్ మీద పాలు పెట్టొచ్చాను, పొంగిపోతాయి అంటుంది. నేనేం చెప్పను? ఫండ్ ఒప్పుకోదు ప్రభా అన్నాను ఒకరోజు. ఏ ఫండ్, అంది. ఆ రూలు రాయించింది ఎవరో ఆవిడకి గుర్తు లేదు. నాకుంది. ఏం చేసుకోను దాన్ని?

శ్రీపతికి ఫోన్ చేశాను. వాడు మొత్తం విన్నాడు. తర్వాత, అది చెల్లెమ్మ రాయించిన రూలేరా అన్నాడు. వాడి తప్పేం లేదండీ. మోకాళ్ళు పోయి బస్సు మానేశాడు, వాడికీ ఈ అద్దే అన్నం. మేం వచ్చి ఇక్కడ కూర్చుంటే వాడి వాటా అద్దె ఎవరు కట్టాలి? ఆశాజ్యోతికి ఎవరివ్వాలి? ఇల్లు దక్కితే చూసుకునే మనిషి పోతుంది, మనిషి ఉండాలంటే ఇల్లు మీ దగ్గరే ఉండాలి. ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది.

పోనీ మిమ్మల్ని లేపేసి? ఆ మాట నా నోటితో నేను అననండి. ఫిజీలో లీజు నేల మీద ఇల్లు కట్టుకుని, లీజు అయిపోయింది పొమ్మంటే ఆ ఇంటి రేకులు విప్పుకుని వచ్చిన మనిషి మీరు. రేకులైతే విప్పగలిగాను గానీ గచ్చు విప్పలేకపోయాను అన్నారు ఒకసారి, ఇదే సోఫాలో కూర్చుని. మీ ఆవిడ పోయిన ఏడాది అనుకుంటాను. అలాంటి మనిషిని లేపి, ఆ చోట నేను పాలు కాస్తే పొంగుతాయా అవి?

అందుకని నేను అడగడానికొచ్చింది చిన్నది. ఒక్క మధ్యాహ్నం. ఆవిడని లోపలికి రానివ్వండి. ఆ స్టవ్ మీద ఒక గిన్నెడు పాలు కాచుకోనివ్వండి. పాలు నేనే తెచ్చాను, ఇదిగో, నీలం మూతవి, చిక్కటివి. రాత్రి ఉండటం కాదు కదా, రూలు కూడా తప్పినట్టు కాదు. నేను పదో క్లాసు వాణ్ణయినా ఆ మాత్రం లా తెలుసు.

మీరు సరే అంటారని నాకు తెలుసు. అనక ముందే మీ కళ్ళు అన్నాయి.

కానీ కొన్ని సంగతులు చెప్పాలి. ఆవిడకి మీరు చుట్టాలు. అన్నం తినే వెళ్ళండి అంటుంది. తింటామమ్మా అనండి. ఆ సోఫా ఇటు జరపమంటుంది. ఇద్దరం జరిపేద్దాం, తర్వాత నేనే వచ్చి మళ్ళీ యథాప్రకారం పెడతాను. లోపలి గదిలో మీ ఆవిడ ఫొటోకి దండ వేసుంది కదా, దాని ముందు ఆగి ఎవరీవిడ అని అడిగినా అడుగుతుంది. మీకేది తోస్తే అది చెప్పండి. తీసెయ్యక్కర్లేదు. ఆ అలారానికి మాత్రం నేను కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతాను, శ్రీపతి ఇక్కడ లేడు కదా.

ఎప్పుడు తీసుకొస్తానంటారా?

కర్టెన్ ఎందుకు తీసుంచమన్నాననుకున్నారు. అటు చూడండి. లెటర్‌బాక్స్ పక్కన, నా తెల్ల కారు. ముందు సీట్లో. నిద్రపోతోంది. కారు కదిలితే చాలు నిద్రపోతుంది, చంటిపిల్లలాగ. అద్దం కాస్త దించి వచ్చాను, ఎండ కూడా లేదు. ఒళ్ళో ఆ మూట చూశారా, అదే గిన్నె.

ఇవాళ పొద్దున్న కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా కూడా కాదు. మీరు నన్ను ఇంకెప్పుడూ ఇంటికి తీసుకెళ్ళరా అండీ, అంది. అంతే.  ఆశాజ్యోతికి ఇవాళ రావద్దని చెప్పేసి బండి తీశాను.

లేపి తీసుకురమ్మంటారా. తెస్తాను. తెస్తాను ఉండండి. ఒక్క నిమిషం కూర్చోనివ్వండి.

నాకు మాటలెక్కువ అని అందరూ అంటారు. బస్సులో ఎక్కినవాళ్ళు దిగాల్సిన స్టాపు దాటేసేవాళ్ళు నా మాటల్లో పడి. ఇవాళ మాత్రం అలవాటు కొద్దీ మాట్లాడట్లేదు శివ్‌చరణ్ గారూ. కావాలనే మాట్లాడుతున్నాను. మాట్లాడినంతసేపూ ఆవిడ అక్కడ నిద్రపోతుంది, నేనిక్కడ కూర్చోవచ్చు.

ఆవిడ ఇంటికెళ్దాం అంటున్న ఈ ఆర్నెల్లూ రూలు అన్నాను, ఫండ్ అన్నాను, మీకు నోటీసివ్వాలన్నాను. ఒక మధ్యాహ్నం రావడానికి ఏ రూలు అడ్డం? ఏదీ లేదు. అడిగితే మీరు అప్పుడే ఒప్పుకునేవారు. నేనే అడగలేదు. భయం.

వదిలి రానని మొండికేస్తుందనా? కాదండీ. మొండికేస్తే బాగుండు. గుమ్మం పట్టుకుని ఏడిస్తే బాగుండు, ఎత్తుకునైనా తీసుకుపోతాను.

ఆ వృద్ధాశ్రమంలో ఒక కివీ ముసలావిడ ఉండేదట. ఆవిడా ఇంతే, రోజూ ఇంటికి పోతానని. కొడుకు ఓ ఆదివారం నిజంగానే తీసుకెళ్ళాడట, ఆవిడ పుట్టి పెరిగిన ఇంటికి. గదులన్నీ తిరిగిందట. కిటికీలు తీసి చూసిందట. చక్కగా ఉంది బాబూ, ఇంక ఇంటికెళ్దామా, అందట. ప్రభావతి ఆ రోజు డ్యూటీ నుంచొచ్చి అన్నం తినలేదు. వాళ్ళడిగే ఇల్లు ఒక్కోసారి ఏ ఊళ్ళోనూ ఉండదండీ, అంది.

ఈ మాట కూడా ఆవిడకి గుర్తు లేదు. నాకుంది.

అదిగో, గేటు గంట. రైలొస్తోంది. ఈ చప్పుడుకి లేస్తుందేమో అనుకుంటూనే ఉన్నాను... లేచింది. చూడండి, తువ్వాలు సర్దుకుంటోంది. ఇల్లు వైపే చూస్తోంది. నవ్వుతోందా అండీ? నాకు ఇక్కడినుంచి సరిగ్గా కనపడట్లేదు. మీరు చూసి చెప్పండి, నవ్వుతోందా?

పదండి. ముందు మీరెళ్ళండి, తలుపు మీరే తియ్యండి. ఆ మీ మాట అనండి, బువ్వ తిన్నావా అమ్మా అని. నేను వెనకాల పాలు పట్టుకొస్తాను.

ఇన్నాళ్ళూ ఇంటికెళ్దాం అన్నప్పుడల్లా, రేపెళ్దాం ప్రభా అనడానికి నా దగ్గర ఒక ఇల్లుండేది. ఇప్పుడు లోపలికొచ్చి, పాలు పొంగించుకుని, స్టవ్ కట్టేసి, నా వైపు తిరిగి, ఇంక ఇంటికెళ్దామా అండీ అందనుకోండి.

నాకు ఇంకో అడ్రసు తెలీదు శివ్‌చరణ్ గారూ.